కూలిన పైన్ చెట్టు, 3వ పాఠం: దుంగ అమ్మాలా, కోయించాలా?

పోయిన పాఠంలో కొమ్మలన్నీ కొట్టేసి మాను దాకా వచ్చాం. వేళ్లతో సహా లేచిన చెట్టును మొదలు దగ్గర మీరు కోయొద్దనీ, బరువు తెగగానే వేళ్లతో లేచిన మట్టిదిమ్మ ఒక్కసారిగా వెనక్కి పడుతుందనీ చెప్పాను. ఆ కోత తెలిసినవాళ్లతోనే చేయించారనుకుని ముందుకు వెళదాం.

అమెరికాలో అట్లాంటా, షార్లెట్, రాలీ వైపు మనవాళ్ల పెరళ్లలో ఎక్కువగా కనిపించేది లాబ్లాలీ పైన్. ఒకటి కూలగానే "ఇంత లావు మాను, వెయ్యి డాలర్లయినా రాదా?" అని అడుగుతారు. రాదు. ఎందుకో మీరే కొలిచి చూడండి.

దుంగ సన్నకొస దగ్గర, బెరడు వదిలేసి, అడ్డంగా ఎన్ని అంగుళాలుందో చూడండి. అందులోంచి 4 తీసేసి, మిగిలినదాన్ని దానితోనే హెచ్చించండి. 16 అడుగుల దుంగకు వచ్చే బోర్డు ఫుట్లు అవే. 8 అడుగులదైతే సగం. దీన్ని డాయల్ లెక్క అంటారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క ఒక బోర్డు ఫుట్. సన్నకొస 16 అంగుళాలుంటే 144 వస్తాయి, 10 అంగుళాలుంటే 36 మాత్రమే. అందుకే పైకొస దుంగల మీద ఆశ పెట్టుకోవద్దు, మొదలు దుంగనే చూసుకోండి.

అక్కడ పైన్‌ను ఎక్కువగా టన్నుల్లో కొంటారు. ఆ 16 అంగుళాల దుంగ పచ్చిగా ముప్పావు టన్ను తూగుతుంది. మంచి కోత కలపకు కూడా కొట్టకముందు నిలువు చెట్టు మీద కొన్నేళ్లుగా పలుకుతున్న ధర టన్నుకు సుమారు 25 డాలర్లు. ఒక్క దుంగ కోసం లారీ రాదు. పైగా పెరటి చెట్టంటే సామిల్లు వాళ్లకు భయం: ఎప్పుడో కొట్టిన ఊయల కొక్కెమో, మేకో లోపల ఉండిపోయి రంపాన్ని పాడుచేస్తుంది. పెద్ద తుపాను తర్వాతైతే మరీ కష్టం. 2018 అక్టోబరులో మైకేల్ తుపాను ఫ్లోరిడాలో సుమారు 28 లక్షల ఎకరాల అడవిని దెబ్బతీసింది. అలాంటప్పుడు మిల్లుల ముందు దుంగలు గుట్టలు పడతాయి, ధర పడిపోతుంది.

కాబట్టి అమ్మకం మాట మర్చిపోండి. మీ కోసం కోయించుకోవడం మాత్రం నిజంగా ఆలోచించదగ్గ పని. చక్కటి కలపను చిప్పర్‌లో (చెట్టును పొట్టు చేసే యంత్రంలో) వేయించడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక్కడ అసలు శత్రువు కాలం. కోసిన ముఖాన్ని దగ్గరగా చూడండి. తాజా దుంగ లేతపసుపుగా, అంచున బంక చుక్కలతో ఉంటుంది. ఎండాకాలంలో రెండు మూడు వారాలు గడిస్తే బెరడు వైపు నుంచి నడిమికి మొనదేలుతూ బూడిదనీలం చారలు దిగుతాయి. అది బూజు. బెరడు పురుగులే దాన్ని మోసుకొస్తాయి. చేవ జోలికి పోదు, బలం కూడా పెద్దగా తగ్గదు. రంగు మాత్రం పోతుంది. అలమరలకు ఆ నీలం నచ్చేవాళ్లూ ఉన్నారు. బెరడు పగుళ్లలో ఎర్రమట్టి రంగు పొడి ఉంటే పురుగు ఇంకా బెరడు కిందే ఉంది. తెల్లటి పొడి రాలుతుంటే కలపలోకే తొలిచేసిందన్నమాట. చెక్క వేలికి మెత్తగా తగిలితే వదిలేయండి.

సన్నకొస 12 అంగుళాలు దాటి, మాను తిన్నగా ఉండి, వేసవిలో కూలి నెల దాటకపోతే ట్రాలీ మీద బ్యాండు రంపం తెచ్చి కోసేవాళ్లను పిలవండి. గంటకో, బోర్డు ఫుట్‌కో తీసుకుంటారు. మేకు తగిలి బ్లేడు పోతే ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి. దుంగంతా మెటల్ డిటెక్టర్‌తో తడిమించండి. వచ్చిన పలకలు అలమరలకు, షెడ్డు గోడలకు బాగుంటాయి. కలప నాణ్యత చూసి వేసే గ్రేడు ముద్ర ఉండదు కాబట్టి ఇంటి ఫ్రేముకు ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోకపోవచ్చు. మట్టికి తగిలేచోట వాడితే త్వరగా పుచ్చిపోతుంది.

వచ్చే పాఠంలో పలకల మధ్య బద్దలు పెట్టి పేర్చడం, ఆరబెట్టడం. ఈలోగా దుంగను నేల మీంచి లేపి రెండు దిమ్మల మీద ఉంచండి, రెండు కొసలకూ పెయింటు పూయండి, కొలత రాసిపెట్టుకోండి.