కోటయ్యకు కట్లపాము కాటు: నాలుగు కోర్సుల పిల్లలతో ఒక కేసు నడిపించడం ఎట్లా

మా కేసులో రోగి పేరు కోటయ్య. వయసు 45. పొదిలి వైపు పల్లె. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి మంట చూసుకోవడానికి వెళ్ళి, కట్టెల పక్కనే గోనెపట్టా పరుచుకుని నేల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి లేచాడు. రెండు వాంతులయ్యాయి. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. ఆరింటికి భార్య ఆటోలో క్యాజువాలిటీకి తీసుకొచ్చింది.

కోటయ్య మేం అల్లుకున్న మనిషి. కాటేసింది కట్లపాము. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను అది కరిస్తే గాటు కనిపించకపోవచ్చు. ఆ సంగతి గదిలోకి వచ్చే పిల్లలకు తెలియదు. నేను ఒంగోలు దగ్గర నర్సింగ్ ట్యూటర్‌ని. నర్సింగ్, ఎంబీబీఎస్, ఫార్మ్‌డి (ఫార్మసీ కోర్సు), ల్యాబ్ టెక్నాలజీ పిల్లల్ని ఒక పూట కలిపి ఈ కేసు చేయిస్తాం. మీ దగ్గర మొదలుపెట్టాలనుకునేవాళ్ళ కోసం, మేం ఎట్లా చేస్తామో, ఎక్కడెక్కడ తప్పులు చేశామో రాస్తున్నాను.

మొదటి తప్పు కేసు ఎంచుకోవడంలోనే జరిగింది. మొదటిసారి గుండె ఆగిపోయిన రోగిని పెట్టాం. శిక్షణకు వాడే మనిషి బొమ్మ సిద్ధంగా ఉంది, ఛాతీ నొక్కడమంటే అందరికీ ఉత్సాహం. తీరా చూస్తే ఎంబీబీఎస్ అబ్బాయి ఆర్డర్లు చెప్పాడు, నర్సింగ్ పిల్లలు ట్రే పట్టుకున్నారు, ఫార్మసీ, ల్యాబ్ పిల్లలు గోడకానుకుని నిలబడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ రకం చదువు గురించి చెప్పినప్పుడు, వేర్వేరు వృత్తులవాళ్ళు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలంది. మా పిల్లలు ఆ రోజు ఒకరితో ఒకరు గదిలో ఉన్నారు, అంతవరకే.

అందుకని కేసు రాసేముందు ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి. ఒక్కో గడిలో ఆ కోర్సు వాళ్ళ చేతికి మాత్రమే అందే సంగతి ఒకటి రాయండి. ఏ గడి ఖాళీగా మిగిలినా ఆ కేసు పక్కన పెట్టేయండి. మాకు కట్లపాము కేసు అట్లా కుదిరింది.

నర్సింగ్ గడిలో కనురెప్పలున్నాయి. కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్ళే కబురును ఆపేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి. పక్కన నిలబడి పదేపదే చూసే మనిషికే రెప్పలు వాలడం తెలుస్తుంది. ఫార్మసీ గడిలో యాంటీ స్నేక్ వెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు ఉంది. మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). పొడిగా ఉన్నదాన్ని ఒక్కో వయల్‌కు 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్‌తో కలపాలి. కుదిపితే నురగ కట్టేస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. పది వయల్స్ కరగడానికి ఎంతసేపు పడుతుందో ఎంబీబీఎస్ పిల్లలు ఒక్కసారైనా కళ్ళారా చూడాలి. అది గుర్రాల రక్తం నుంచి తీసిన మందు, రియాక్షన్ రావచ్చు, కాబట్టి ఆ రియాక్షన్‌కు ఇచ్చే అడ్రినలిన్ మందు సిరంజిలో ఎక్కించి పక్కన ఉంచే పూచీ కూడా ఫార్మసీ పిల్లలదే.

ల్యాబ్ గడి ఈ కేసుకు గుండెకాయ. అందులో ఉన్నది రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్ష. శుభ్రమైన పొడి గాజు టెస్ట్‌ట్యూబ్‌లో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తాం. ప్లాస్టిక్ ట్యూబ్ పనికిరాదు, సబ్బుతో కడిగిన ట్యూబూ పనికిరాదు. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టకుండా నీళ్ళలా జారుతుంది. కోటయ్య రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, ఎందుకంటే కట్లపాము విషం పని నరాల మీద. ‘గడ్డకట్టింది, అంటే విషం లేదు’ అనే తప్పుదారి అక్కడే ఉంది. ఆ పరీక్ష దేన్ని చెప్పగలదో, దేన్ని చెప్పలేదో ల్యాబ్ అమ్మాయికి తెలుసు. ఎంబీబీఎస్ గడిలో ఉన్నది నిర్ణయం. ఆ మాట ల్యాబ్ అమ్మాయి నోరు తెరిచి చెబుతుందా, నిర్ణయం తీసుకోవాల్సిన ఎంబీబీఎస్ అబ్బాయి ఆమెను అడుగుతాడా అన్నదే మా పరీక్ష. మీ దగ్గర ఫిజియోథెరపీ పిల్లలు కూడా ఉంటే వాళ్ళకు పని వెతుక్కోనక్కర్లేదు. దిండు మీద నుంచి తల ఎత్తగలుగుతున్నాడా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలుగుతున్నాడు అన్నది పావుగంటకోసారి వాళ్ళు చూస్తారు.

సామాను గురించి ఎక్కువ కంగారుపడకండి. గడ్డకట్టిన రక్తానికి చైనాగ్రాస్ కాచి ఎర్ర రంగు కలిపి ట్యూబ్‌లో పోస్తే చాలు, వంచినా కదలదు. దాన్ని దాచి ఉంచి, టైము కాగానే పిల్లల ట్యూబ్ తీసుకుని దీన్ని చేతికివ్వండి. మానిటర్ లేకపోతే అట్టముక్కల మీద పల్స్, బీపీ, ఆక్సిజన్ అంకెలు రాసి, పిల్లలు ఆ కొలత తీసినప్పుడే చూపించండి. అడగకుండా చూపించకండి. ఖాళీ వయల్స్‌లో గ్లూకోజ్ పొడి నింపుతాం, ప్రతిదాని మీద ‘శిక్షణకు మాత్రమే’ అని ఎర్ర అక్షరాలతో అంటిస్తాం. రోగిగా పడుకున్న మనిషికి సూది గుచ్చే పని పెట్టకండి, చేతి పక్కన ప్రాక్టీసు ప్యాడ్ కట్టండి. ఊపిరి తగ్గే ఘట్టానికి వచ్చేసరికి తెర అవతల మంచం మీద బొమ్మను సిద్ధంగా ఉంచుకోండి.

కోటయ్యగా మా ఆఫీసు అటెండరు పడుకుంటాడు, బాగా చేస్తాడు. కానీ కేసు నిలబడేది భార్య పాత్ర మీద. ఆ పాత్రకు సింగరాయకొండ నుంచి ఒక పద్యనాటక కళాకారిణి వస్తారు. ముప్పై ఏళ్ళు చంద్రమతి వేషం వేసిన మనిషి. పాము కరిచిన లోహితాస్యుణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఎన్ని పల్లెల్లో ఏడ్చారో లెక్కలేదు. మా పిల్లలు ఆవిణ్ణి చంద్రమతమ్మ అనే పిలుస్తారు. రోగిగా నటించడానికి మనుషులకు తర్ఫీదివ్వడం 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవార్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు మొదలుపెట్టాడు. మన జిల్లాల్లో నటన వచ్చినవాళ్ళకు కొదవ లేదు, అడగడమే ఆలస్యం. అయితే నాటకానికీ దీనికీ తేడా ఆవిడకు ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ గొంతెత్తకూడదు, కథ మొత్తం ఒక్కసారి చెప్పేయకూడదు. ‘రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?’ అని అడిగినవాళ్ళకే నేల మీద పడుకున్న సంగతి చెప్పాలి. ట్యూబ్ పట్టుకుని వచ్చిన ల్యాబ్ అమ్మాయితో మాత్రం, అడగకపోయినా, “అమ్మాయ్, మా ఆయన మాట తేడాగా ఉంది, నాలిక మందంగా తిరగతా ఉంది” అనాలి. ఆ మాట ల్యాబ్ అమ్మాయి దగ్గరే ఆగిపోతుందా, మంచం దాకా వస్తుందా అని మేం చూస్తాం.

గదిలోకి పంపేముందు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడండి. మార్కుల్లేవు, వీడియో బయటికి పోదు, కోటయ్య చనిపోడు అని చెప్పండి. ఈ మూడోది నా పట్టుదల. రోగిని చంపేస్తే పిల్లలు భయం తప్ప మరేమీ ఇంటికి తీసుకెళ్ళరు. నటిస్తున్నవాళ్ళకు నిజంగా ఒంట్లో బాగాలేకపోతే ‘నిజం’ అని అరుస్తారు, అప్పుడు అంతా ఆపేయాలి. ఇంకొక నియమం పిలుపుల గురించి. మన దగ్గర నర్సింగ్ అమ్మాయి తన ఈడు ఎంబీబీఎస్ అబ్బాయిని ‘సార్’ అంటుంది, అతను ఆమెను ‘సిస్టర్’ అంటాడు, ల్యాబ్ అబ్బాయిని ‘ల్యాబ్’ అంటారు. ఆ పూటకు అందరి ఛాతీ మీద ప్లాస్టర్ ముక్కపై పేరు రాసి, పేరు పక్కన ‘గారు’ చేర్చి పిలుచుకోమంటాను. మొదటి ఐదు నిమిషాలు నోరు తిరగదు. తర్వాత గది మారిపోవడం మీకే వినిపిస్తుంది.

కేసు మొదలయ్యాక మీరు కల్పించుకోకండి. 20 నిమిషాల పరీక్షను నిజంగా 20 నిమిషాలూ నడవనివ్వండి, మొత్తం కేసుకు అరగంట పెట్టుకోండి. గడియారం ముందుకు జరిపిన రోజుల్లో పిల్లలు ఎదురుచూడటం నేర్చుకోలేదు. ఆ ఖాళీలోనే వాళ్ళు రోగి ముఖం చూస్తారు, లేదా చూడరు.

తర్వాత కూర్చుని మాట్లాడుకోవడానికి గంట తీసేయండి. టైము లేదని దీన్ని కోసేస్తే పొద్దున్నించీ పడ్డ శ్రమ వృథా. కుర్చీలు గుండ్రంగా వేయండి, ఏ కోర్సు వాళ్ళూ ఒకచోట గుంపుగా కూర్చోకుండా చూడండి. నడిపించేవాళ్ళు ఇద్దరుండాలి, వేర్వేరు వృత్తులవాళ్ళయి ఉండాలి. నేనూ, ఒక ఫార్మకాలజీ డాక్టరు గారూ కలిసి చేస్తాం. మేం పాఠం చెప్పడం మొదలుపెడితే ఒకరినొకరం ఆపాలని ఒప్పందం. మొదట ఎట్లా అనిపించిందో చెప్పనివ్వండి, తర్వాత ఏం జరిగిందో వరసగా, ఆ తర్వాతే ఎందుకు అన్నది. ‘ఎందుకట్లా చేశావు?’ అని అడిగితే ముఖాలు ముడుచుకుంటాయి. ‘ట్యూబ్ వంచి చూశాక నువ్వు రెండడుగులు వెనక్కి వేశావు, అప్పుడు నీ మనసులో ఏముంది?’ అని, చూసింది చూసినట్టు చెప్పి అడగండి.

ఒకసారి ఇదే ప్రశ్నకు ఒక ల్యాబ్ అమ్మాయి, “ఈ పరీక్ష కట్లపామును పట్టదని నాకు తెలుసు మేడం. కానీ రిపోర్ట్ ఇవ్వడం వరకే మా పని అనుకున్నా. నన్నెవరూ అడగలేదు” అంది. ఎదురుగా కూర్చున్న ఎంబీబీఎస్ అబ్బాయి, “నాకు తెలియదు. అడగాలని తట్టలేదు” అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. వాళ్ళిద్దరే పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఆ రోజు నా సంగతి కూడా పిల్లలకు చెప్పాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నైట్ డ్యూటీలో, ఆపరేషన్ అయిన ఒకావిడ మంచం మీద కుదురుగా ఉండలేకపోతోంది. చెయ్యి చల్లగా ఉంది. డ్యూటీ డాక్టరుతో “పేషెంట్ ఎందుకో బాగాలేదు సార్” అన్నాను. “చూద్దాంలే” అన్నారు. మళ్ళీ చెప్పడానికి జంకాను. లోపల రక్తస్రావమవుతోందని తెల్లారాక తెలిసింది. మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళారు, బతికింది. నేను గమనించాను, కానీ చెప్పడం రాలేదు. అందుకే నాలుగు వాక్యాల్లో చెప్పడం పిల్లలతో వల్లె వేయిస్తాను: ఇప్పుడేం జరుగుతోంది, ఇతని వెనకటి సంగతేంటి, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. ‘కోటయ్య గారి రెప్పలు పావుగంటగా వాలుతున్నాయి. రాత్రి నేల మీద పడుకున్నాడు. గాటు లేకపోయినా కట్లపాము అనుకుంటున్నాను. వెనమ్ మందు మొదలుపెట్టాలి, ఊపిరికి అంబూ బ్యాగ్ దగ్గర పెట్టాలి.’ (అంబూ బ్యాగ్ అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి.) వినకపోతే మళ్ళీ అదే చెప్పాలి, గొంతు కాస్త పెంచి.

మాట్లాడుకున్నాక చంద్రమతమ్మను పిలిచి భార్యగా తనకేమనిపించిందో అడగండి. ఎవరు తన పేరు అడిగారు, ఎవరు తనను దాటుకుని నడిచారు అన్నది ఆవిడ చెబితే పిల్లలు తలొంచుకుని వింటారు. వీలైతే అదే కేసు అవే పాత్రలతో ఇంకో పది నిమిషాలు మళ్ళీ చేయించండి. రెండోసారి ల్యాబ్ అమ్మాయి ట్యూబ్ పట్టుకుని నేరుగా మంచం దగ్గరికే వచ్చింది.

చివరి పని సామాను సర్దడం. నటించినవాళ్ళకు ముందు టీ ఇచ్చి, వాళ్ళ సొంత పేర్లతో పిలిచి పలకరించండి. ఏడ్చిన మనిషి ఏడుపుతోనే బస్సెక్కకూడదు. తర్వాత గ్లూకోజ్ పొడి నింపిన వయల్స్ లెక్కపెట్టండి. పది బయటికి తీస్తే పదీ పెట్టెలోకి తిరిగి రావాలి, ఒక్కటి తక్కువైనా గదికి తాళం వేయకండి. అవి వార్డు ఫ్రిజ్ దరిదాపుల్లోకి పోకూడదు. లెక్క పుస్తకంలో మేం ఇద్దరం సంతకాలు పెడతాం, ఒకటి నర్సింగ్ విద్యార్థిది, ఒకటి ఫార్మసీ విద్యార్థిది కూడా తీసుకుంటాం.