విద్యా పాలసీ చదువులు, నాలుగో పాఠం: బ్రోచర్‌లో ఉన్న కోర్సు క్లాసులో ఉందా?

ఈ వారం స్కాలర్‌షిప్‌ల గురించి రాద్దామనుకున్నాను. మీ జవాబులు చదివాక దాన్ని వెనక్కి జరిపాను. పోయిన పాఠంలో మీరు చేరాలనుకునే ఐదు మాస్టర్స్ ప్రోగ్రాములు ఎంచుకుని, ఒక్కో దాంట్లో విద్యకు సంబంధించిన కోర్సులెన్నో రాయమన్నాను కదా. నాగర్‌కర్నూల్ నుంచి బీఎడ్ చేసిన చెల్లె ఒక యూనివర్సిటీలో 16 లెక్కబెట్టి దాన్ని మొదట పెట్టింది. మిర్యాలగూడ తమ్ముడు ఇంకోచోట 12 లెక్కబెట్టాడు. ఇద్దరి లెక్కా సరైందే. పొరపాటు నాది. లెక్కబెట్టమన్నానే గానీ ఏవి లెక్కలోకి వస్తాయో చెప్పలేదు.

ఆ 16లో 14 ఎలక్టివ్‌లు, అంటే తప్పనిసరి కాకుండా మనం ఎంచుకునేవి. ఎలక్టివ్‌ల జాబితా అంటే ఆ యూనివర్సిటీలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పిన కోర్సుల పేర్లన్నీ. మీరున్న రెండేళ్లలో అవి నడుస్తాయని ఎవరూ మాటివ్వరు. చెప్పే ప్రొఫెసర్ ఏడాది సెలవు మీద పోవచ్చు. సరిపడా మంది చేరలేదని ఆపేయొచ్చు. ఏడాది విడిచి ఏడాది నడిచేది మీ వంతుకు రాకపోవచ్చు. నడిచినా, తప్పనిసరి కోర్సు ఉన్న గంటలోనే పడొచ్చు. ముందు ఫలానా గణాంకాల కోర్సు చదివుంటేనే రానిస్తామనొచ్చు. నేను బడుల ఖర్చులు, బడ్జెట్ల మీద ఉన్న ఒకే ఒక్క కోర్సు చూసి ఒక చోట చేరాను. నాలుగు సెమిస్టర్లలో అది ఒక్కసారీ నడవలేదు. అడిగితే వచ్చే ఏడాది అన్నారు, వచ్చే ఏడాదికి నేను అక్కడ ఉండనని తెలిసి కూడా. బడ్జెట్ పుస్తకం చదవడం ఆ తర్వాత ఉద్యోగంలో చేరాక సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. మీకు ఆ గతి పట్టొద్దనే ఇంత పొడుగు రాస్తున్నాను.

కాబట్టి జాబితా మూసేసి టైంటేబుల్ వెతకండి. గడిచిన రెండేళ్లవి చాలు. రెండేళ్లలో రెండుసార్లూ నడిచిన కోర్సుకే ఒక మార్కు వేయండి. ఒక్కసారి నడిస్తే అర మార్కు. అసలు కనబడకపోతే సున్న, పేరు ఎంత ముచ్చటగా ఉన్నా సరే. టైంటేబుల్ బయట పెట్టని చోట ఇప్పుడు చదువుతున్న విద్యార్థికి రాసి, ‘ఈ సెమిస్టర్ మీ క్లాసులో విద్య మీద ఏ కోర్సు నడుస్తోంది, ఎవరు చెబుతున్నారు’ అని ఆ ఒక్క మాటే అడగండి. నేనైతే వీటికన్నా ముందు అధ్యాపకుల పేజీ తెరుస్తాను. విద్య మీద పనిచేసేవాళ్లు పర్మనెంట్‌గా ఇద్దరైనా లేని పాలసీ స్కూలును అక్కడే పక్కన పెడతాను.

అదే యూనివర్సిటీలోని పక్క స్కూల్లో, అంటే ఇంకో విభాగంలో, కోర్సు తీసుకుంటామని కొందరు రాశారు. అది నిజంగానే కుదిరే చోట్లున్నాయి. అమెరికాలోని హార్వర్డ్‌లో కెనెడీ స్కూల్ ఎంపీపీ (పబ్లిక్ పాలసీలో మాస్టర్స్) రెండేళ్లు, ఎడ్యుకేషన్ స్కూల్ ఎడ్‌.ఎం. (ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్) ఒక ఏడాది, ఇక్కడి విద్యార్థి అక్కడ కోర్సు తీసుకునే వీలుంది. అక్కడిదే వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలోనైతే విద్యా పాలసీ ఎంపీపీ పీబాడీ ఎడ్యుకేషన్ కాలేజీలోనే ఉంది. మన దగ్గర టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్‌లో ఎడ్యుకేషన్, పబ్లిక్ పాలసీ రెండు ఎంఏలూ నడుస్తూ వచ్చాయి. కానీ బయటి స్కూలు వాళ్లకు సీట్లు మిగిలితేనే ఇస్తారా, ముందే కొన్ని ఉంచుతారా అన్నది అడిగి తెలుసుకోవాలి.

ఇక ఎంపీపీనా, ఎంఏ ఎడ్యుకేషనా? దేవరకొండ వైపు ఒక తండా బడిలో నేను పనిచేసిన ఏడాది 14 మంది పిల్లలు, నేనొక్కణ్ణే. ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచర్ అనే లెక్కన చూస్తే మా బడి జిల్లా పట్టికలో మెరిసిపోతుంది. అదే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్, పిల్లలు 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలంటుంది. ఒకే గదిలో ఐదు తరగతులు. ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి పిల్ల పలక తుడుస్తూ కూర్చునేది. ఇంట్లో ఆ పిల్లది లంబాడీ, నాది తెలుగు. దసరా దాటి తల్లిదండ్రులు పనులకు వలస పోయాక, రిజిస్టర్‌లో ఆరు పేర్ల ఎదురుగా నెలంతా గైర్హాజరే. బడుల వివరాలు నమోదు చేసే సర్కారు డేటా, యూడైస్ లెక్క మాత్రం ఏళ్ల తరబడి సెప్టెంబర్ 30 నాటిది. కాగితం మీద ఆ ఆరుగురూ బడిలోనే ఉన్నారు.

ఆ ఆరుగురి కోసం సీజనల్ హాస్టల్ పెడితే ఖర్చెంత, ఎందరు ఆగుతారు, ఆగింది హాస్టల్ వల్లేనని ఎలా తెలుస్తుంది అన్నది మీ ప్రశ్నయితే ఎంపీపీ చూడండి. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో, హైదరాబాద్ కౌటిల్య పబ్లిక్ పాలసీ స్కూల్లో అది రెండేళ్లు. ఆ పలక పట్టుకున్న పిల్లకు అక్షరం ఏ భాషలో మొదలవ్వాలి అన్నది మీ ప్రశ్నయితే ఎంఏ ఎడ్యుకేషన్. దానికి నా మొదటి ఓటు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీకి.

ఏడాది కోర్సుల గురించి రెండు మాటలు. ఆక్స్‌ఫర్డ్ బ్లావట్నిక్ ఎంపీపీ 12 నెలలే. డిగ్రీ అయిన వెంటనే అలాంటి వాటికి పోవద్దంటాను, రెండేళ్ల కోర్సుల్లో లాగా మధ్యలో ఇంటర్న్‌షిప్‌కు ఒక వేసవి దొరకదు. పైగా బ్రిటన్ సర్కారు స్కాలర్‌షిప్ చీవ్‌నింగ్‌కు రెండేళ్లు, అమెరికాలో చదవడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్లు ఉద్యోగ అనుభవం అడుగుతారు. ముందు పని చేయండి.

అభ్యాసం. మీ ఐదింటికీ మార్కులు మళ్లీ వేయండి. తర్వాత మీ ఊరి సర్కారు బడికి హెడ్‌మాస్టర్ అనుమతితో రెండు వేర్వేరు వారాల్లో పోండి. యూడైస్‌లో ఉన్న పిల్లల సంఖ్య, రిజిస్టర్‌లో ఉన్నది, గదిలో మీరు లెక్కబెట్టింది, మూడూ రాయండి. తేడా ఎందుకొచ్చిందో ముగ్గురు తల్లులను అడిగి ఒక పేజీ రాయండి. ఆ పేజీ పక్కన పెట్టుకుని, మీ జాబితాలోని ఏ కోర్సు ఈ తేడాను పట్టుకోవడం నేర్పుతుందో సిలబస్‌లో వారం నంబరుతో సహా చూపించండి. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.