రోమన్ నాణేలు చదవడం నేర్చుకుందాం – 4: ఖర్జూర చెట్టు కింద స్త్రీ

గత పాఠంలో బొమ్మ వైపు చక్రవర్తి పేరు గుర్తుపట్టాం. ఈసారి నాణెం ఏ ఏటిదో తేల్చి, బొరుసు వైపుకు వెళదాం. మన నమూనా రోమన్ చక్రవర్తి వెస్పేసియన్ కాలపు సెస్టెర్షియస్ అనే నాణెం. బరువు సుమారు 25 గ్రాములు, వెడల్పు 3 సెంటీమీటర్లకు పైమాటే. లోహం రాగిలో జింకు కలిపిన ఇత్తడి, అయినా నాణేల జాబితాల్లో దీన్ని కంచు నాణేల విభాగంలోనే వెతకాలి. ఇలాంటివి నాలుగైతే ఒక వెండి డెనారియస్.

తల చుట్టూ ఉన్న అక్షరాల్లో సి, ఓ, ఎస్ వరుసను పట్టుకోండి. అది 'కాన్సుల్' అనే రోమన్ ఉన్నతాధికార పదవికి సంక్షిప్త రూపం. పక్కన మూడు నిలువు గీతలుంటే మూడోసారి కాన్సుల్ అని. వెస్పేసియన్ ఆ పదవిని మూడోసారి చేపట్టింది క్రీ.శ. 71లో, నాలుగోసారి 72లో. కాబట్టి ఇది 71 నాటి నాణెం. ముఖం పూర్తిగా అరిగిపోయినా ఈ గీతలు మిగిలితే ఏడాది దొరుకుతుంది. గీతలు కనిపించకపోతే నాణేన్ని రుద్దకండి. దీపపు వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి.

ఇక బొరుసు. ముందు నడుమనున్న ఖర్జూర చెట్టును చూడండి, స్థలం చెప్పేది అదే: రోమన్ నాణేలపై అది యూదుల దేశమైన యూదయాకు గుర్తు. ఎడమవైపు సేనాని వేషంలో చక్రవర్తి, చేతిలో ఈటె, కాలి కింద శిరస్త్రాణం. కుడివైపు తలకు చేయి ఆన్చి నేల మీద కూలబడిన స్త్రీ. ఆమె ఓడిన దేశానికి రూపం. చుట్టూ 'యూదయా కాప్టా', అంటే చేజిక్కిన యూదయా అని రాసి ఉంటుంది. అడుగున ఎస్, సి అక్షరాలు సెనేట్ (రోమ్ పెద్దల సభ) తీర్మానాన్ని సూచిస్తాయి. బంగారు, వెండి నాణేలపై ఇవి సాధారణంగా కనబడవు.

ఈ బొమ్మను 'విజయ చిహ్నం' అనేసి దాటిపోవడం నాకు సమ్మతం కాదు. 69లో ఒకే ఏడాది నలుగురు చక్రవర్తులు పాలించారు. వారిలో చివరివాడు వెస్పేసియన్. అంతర్యుద్ధంలో గెలిచి గద్దెనెక్కినవాడికి పరాయి శత్రువుపై గెలుపు చూపించుకోవలసిన అవసరం ఉంది. 70లో అతని కొడుకు టైటస్ సేనలు యూదయాలోని జెరూసలేంను పట్టుకున్నాయి, అక్కడి యూదుల ఆలయం కాలిపోయింది. ఆ ఆలయానికి యూదులు ఏటా ఇచ్చుకునే కానుకను రోమ్ తనకు చెల్లించే పన్నుగా మార్చింది. కొత్త రాజవంశం తన బలానికి రుజువుగా చూపింది ఈ స్త్రీ దుఃఖాన్నే. నాణేన్ని చదవడమంటే ఆమెను కూడా చూడటం.

అభ్యాసం: సి, ఓ, ఎస్ పక్కన నాలుగు గీతలున్న వెస్పేసియన్ నాణెం మీ ముందుంది. ఐదోసారి అతను కాన్సుల్ అయింది 74లో. మరి ఈ నాణెం ఏ ఏళ్ల మధ్యది? రెండో ప్రశ్న: తర్వాతి కాలపు చక్రవర్తి నెర్వా పాలనలో, 96–97లో, ఇదే చెట్టు ఒంటరిగా ఉన్న సెస్టెర్షియస్ వచ్చింది. యూదుల పన్ను పేరిట సాగిన తప్పుడు అభియోగాలను తొలగించామని దాని రాత చెబుతుంది. సేనాని వేషంలోని చక్రవర్తీ, స్త్రీ ఎందుకు లేరో మీ మాటల్లో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం ఆ నాణెంతో మొదలవుతుంది.