పార్కు కచేరీలో డప్పు, కిన్నెర ఒకే వేదిక మీదుంటే

ఇందిరా పార్కు లాంటి ఆరుబయలైనా సరే, రెండు మూడొందల మంది వినే కచేరీలో డప్పుకు మైకు పెట్టకండి. దాని మోత దానికి చాలు. డప్పు వాళ్లను గాయకుల పక్కన కాకుండా పది, పన్నెండు అడుగులు ఎడంగా నిలబెట్టి, కార్డియాయిడ్ మైకుల (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి) వీపు వాళ్ల వైపు తిప్పండి. లేకపోతే పాట మైకులోనూ డప్పే వినిపిస్తుంది.

అసలు తంటా కిన్నెరతోనే. మైకు తీగలకు ఆనించినట్టు పెడితే గోటి చప్పుడు తప్ప ఏమీ రాదు. నాదం సొరబుర్రల్లో ఉంది కాబట్టి బుర్రకు జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టండి. గాలి హోరు రాకుండా మైకుకు ఫోమ్ టోపీ తప్పనిసరి. మిక్సర్‌లో 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకన్నా కింది స్థాయి శబ్దాలను తగ్గించే బటన్) నొక్కండి. అయినా స్పీకర్ శబ్దం మళ్లీ మైకులో దూరి కూత పెడుతుంటే స్పీకర్లను మైకుల కన్నా ముందుకు, జనం వైపు జరపండి. చాలామంది వాల్యూమ్ తగ్గిస్తారు, అప్పుడు వెనక వరసకు కిన్నెర అందదు.

డిసెంబరులో మంచు దిగగానే డప్పు తోలు సడలుతుంది. పార్కులో మంట పెట్టనివ్వరు కాబట్టి 500 వాట్ల హాలోజెన్ దీపం ముందు రెండడుగుల దూరంలో తిప్పుతూ కాచండి. మరీ దగ్గరైతే తోలు పగులుతుంది.

రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషిద్ధం. చివరి పాట 9:30కే మొదలుపెట్టండి.