అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ ప్రశ్నను అడ్మిన్ చెరిపేస్తే

మెయింటెనెన్స్ డబ్బుల లెక్క అడిగితే మెసేజ్ మాయం. మళ్లీ అడిగితే గ్రూపులోంచే తీసేస్తారు. మా విశాఖ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు రిపేరు ఖర్చు అడిగిన పక్క ఫ్లాటు మామ్మగారికి ఇదే జరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ తరఫున మేం నడిపిన పద్ధతి ఇది.

కోపంలో మీ అంతట మీరు గ్రూపు వదలకండి, వాళ్లకి కావలసింది అదే. వాట్సాప్‌లో అడ్మిన్ చెరిపిన చోట ఎవరు చెరిపారో పేరుతో సహా కనబడుతుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. మిమ్మల్ని తీసేసినా పాత చాట్ మీ ఫోనులో ఉంటుంది.

తర్వాత అడ్మిన్‌కి ఫోన్ చేసి కారణం అడగండి. "ఎవరేం పెట్టినా కేసు నామీద పడుతుందండీ" అంటారు. చాలామంది ఈ మాటకే జంకి ఊరుకుంటారు. కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన ఇంకొకరి పోస్టుకి నేరబాధ్యత పడదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి.

అసలు పని కాగితం మీదే. గ్రూపు వేరు, అసోసియేషన్ వేరు. లెక్క చూపాల్సింది అసోసియేషన్. ఏ నెల, ఏ ఖర్చు, ఏ బిల్లు చూడాలో సెక్రటరీ పేరిట రాయండి. అనుమానాలు, నిష్ఠూరాలు అందులో వద్దు. ఒక కాపీ ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. మిగతా ఫ్లాట్లవాళ్లూ సంతకం చేస్తే బలం. మేం సాయంత్రాలు పార్కింగ్‌లో నిలబడి అడిగాం. గ్రూపులో ఎన్నడూ నోరు మెదపనివాళ్లు కూడా పెన్ను అడిగి మరీ పెట్టారు.

జనరల్ బాడీ ఎజెండాలో లెక్కలతోపాటు గ్రూపు నియమాలూ పెట్టమనండి. ఏది తీసేయొచ్చో ముందే రాసి ఉండాలి, తీసినప్పుడు కారణం చెప్పాలి, అడ్మిన్లలో ఒకరు కమిటీ బయటివారై ఉండాలి. బూతులు, కులం పేరిట తిట్లు తీసేయాల్సిందే, అందులో నేను అడ్మిన్ పక్షం. తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేదాకా కుర్చీ వదలకండి.

మా దగ్గర ఉత్తరం అందాక బిల్లుల ఫైలు బయటికొచ్చింది. మీ దగ్గర రాకపోతే, అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, వివాదాన్ని జిల్లా కోర్టుకి తీసుకెళ్లొచ్చు. ముందు బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి, కాపీ సంపాదించండి. కమిటీ ఇవ్వకపోతే సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి.