మాంగా చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మాటల్లేని గడులు

కిందటి పాఠంలో చెప్పిన పని చేశారా? నుదుటి మీద చెమట బొట్టు, కణత మీద పొంగిన నరం, నిద్రపోయేవాడి ముక్కు దగ్గర బుడగ లాంటి గుర్తుల్ని వెతికి రాసుకోమన్నాను. వాటిని జపాన్‌లో ‘మంపు’ అంటారని చెప్పుకున్నాం. ఇవాళ బొమ్మ పక్కన బొమ్మ చేరితే ఏమవుతుందో చూద్దాం. నన్నడిగితే మాంగాకి, అంటే జపాన్ బొమ్మల కథలకి, ప్రాణం ఇక్కడే ఉంది.

మీ దగ్గరున్న మాంగాలో ఏదో ఒక పేజీ తీసి, గడుల (బొమ్మలు గీసిన పెట్టెల) మధ్య సందుల్ని చూడండి. పక్కపక్క గడుల మధ్య సందు సన్నగా, పై వరసకీ కింది వరసకీ మధ్య సందు కాస్త వెడల్పుగా ఉంటుంది. చాలామంది చిత్రకారులు ఇలాగే గీస్తారు. మాంగాని కుడి నుంచి ఎడమకి చదువుతాం కాబట్టి, సన్న సందు దగ్గర కన్ను ఆగకుండా అటే జారిపోతుంది. వెడల్పు సందు రాగానే వరస అయిపోయిందని తెలిసిపోతుంది. సందులన్నీ నల్లగా ఉన్నాయంటే చాలాసార్లు అది పాత జ్ఞాపకం.

ఇక అసలు సంగతి. ఈ పాఠం కోసం నేను అల్లిన పేజీ ఒకటి ఊహించుకోండి. పైన పేజీ వెడల్పంతా ఒక గడి: ఎండాకాలం ఆకాశం, అడ్డంగా కరెంటు తీగలు. దాని కింద కుడివైపు, చెట్టు బెరడుని పట్టుకున్న సికాడా పురుగు, పక్కనే ‘మీన్ మీన్’ అని దాని అరుపు. ఎడమవైపు గడిలో చల్లటి గ్లాసు మీద జారుతున్న నీటి బొట్టు. కింది వరసలో వెనక నుంచి ఒక అమ్మాయి మెడ. చివరి గడిలో మాత్రం చిన్న మాట: “రేపే కదా.”

ఈ ఐదు గడుల్లో ఎంతసేపు గడిచింది? బహుశా ఒక్క క్షణం. కాలం నిలబడిపోయింది, మన చూపు మాత్రం ఆ ఇంటి చుట్టూ తిరిగొచ్చింది. ఆ తిరుగుడు వల్లే “రేపే కదా” అన్న మాట గుండెలో దిగుతుంది. పై నాలుగు గడులూ తీసేస్తే అది ఉత్త సమాచారం. నేను చదవడం మొదలుపెట్టిన కొత్తలో బుడగల్లో మాటల కోసమే వెతుక్కుంటూ ఇలాంటి గడుల్ని దాటేసేవాణ్ని. కథ అర్థమయ్యేది, కానీ కళ్లు చెమర్చాల్సిన చోట చెమర్చేవి కావు.

అమెరికన్ కామిక్స్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో గడి నుంచి గడికి మారే తీరుల్ని ఆరు రకాలుగా విడదీశాడు. ఒకే చోట ఉన్న వేర్వేరు వాటి మీదికి చూపు మళ్లే ఈ రకం తమ దేశపు కామిక్స్‌లో చాలా అరుదనీ, జపాన్‌లో బాగా వాడతారనీ లెక్కగట్టి చూపించాడు. పేజీల వెసులుబాటు కూడా ఇందుకు ఒక కారణం. జపాన్ వారపత్రికల్లో ఒక్కో కథకి వారం వారం ఇంచుమించు ఇరవై పేజీలు దొరుకుతాయి. ఆకాశానికి ఒక గడి ఇవ్వడానికి చిత్రకారుడు వెనకాడక్కర్లేదు.

ఇలాంటి గడుల్లో ఒక్కోసారి పెద్ద అక్షరాలతో ‘షీన్’ అని ఉంటుంది. అది నిశ్శబ్దం చేసే చప్పుడు! చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం అంటాం కదా, దాన్ని వాళ్లు బొమ్మలోనే రాసేస్తారు. ఈ మాటలు మనకి కొత్తేం కాదు. ‘దోకిదోకి’ అంటే గుండె దడదడ, ‘కిరాకిరా’ అంటే తళతళ. మన తళతళకి మాత్రం చప్పుడు ఉందా? ఇంగ్లీషు అనువాదంలో ‘స్పార్కిల్’ అని కనిపిస్తే మనసులో తళతళ అనుకుని చదవండి, బొమ్మ వెంటనే వెలుగుతుంది.

ఎడమ పేజీ అడుగున ఎడమ మూల గడిని కూడా ఊరికే వదలొద్దు. పేజీ తిప్పించే బాధ్యత దానిదే. అక్కడ ఎవరో ఉలిక్కిపడి చూస్తారు, దేన్ని చూశారో తిప్పితేనే తెలుస్తుంది. పేజీ తిప్పే ఆ ఘట్టాన్ని ‘మెకురి’ అంటారు.

ఈ వారం పని: ఒక అధ్యాయంలో మాటల్లేని గడులన్నిటి మీదా చిన్న కాగితం ముక్కలు పెట్టి చదవండి. తర్వాత ఒక్కొక్కటే తీస్తూ, ఒక్కో గడి దగ్గర ఒక నిండు శ్వాస తీసుకుని మళ్లీ చదవండి. ఎక్కడ తేడా వచ్చిందో పేజీ నంబరుతో సహా రాసిపెట్టుకోండి. అమ్మాయిల మాంగాలో గడుల గీతలే చెరిగిపోయి పూలు పరుచుకునే పేజీల గురించి వచ్చే పాఠంలో చూద్దాం. అప్పుడు మీరు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి.