రాతి అచ్చు, 4వ పాఠం: నలుపులోంచి తెలుపు

పోయిన పాఠంలో రాయి నూరి గరుకు తెచ్చుకున్నాం. ఇవాళ దాని మీద బొమ్మ గీద్దాం. మన నమూనా ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా 1843లో రాతి మీద గీసిన ‘ఒఫీలియా మరణం’.

1827లో ఒక ఇంగ్లీషు బృందం పారిస్‌లోని ఒదెయోన్ నాటకశాలలో షేక్స్‌పియర్ ‘హామ్లెట్’ ఆడింది. హామ్లెట్ ప్రేమించిన పిల్ల ఒఫీలియా వేషంలో నటి హ్యారియట్ స్మిత్‌సన్ ఆడిన పిచ్చి సన్నివేశం చూసి ఊరు ఊగిపోయింది. దెలాక్రువా 1834లో ఈ నాటకం మీద రాతిబొమ్మల వరస మొదలుపెట్టి, 1843లో 13 బొమ్మలు సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. అదీ 80 ప్రతులే.

నిజానికి ఒఫీలియా చావు రంగస్థలం మీద కనబడదు. రాణి వచ్చి నోటితో చెబుతుంది. ఆమె చెప్పినదాంట్లో కొమ్మ విరిగి ఆ పిల్ల వాగులో పడుతుంది. దెలాక్రువా కొమ్మను విరగనివ్వలేదు. ఒక చెయ్యి ఇంకా కొమ్మను వదల్లేదు, రెండో చెయ్యి పూలను గుండెకు అదుముకుంది, ఒళ్ళు సగం నీళ్ళలో ఉంది. ఈ వరస మొత్తానికి నాకు నచ్చిన తెలివి ఇదే. మీరు ఏ విషాద నాటకం తీసుకున్నా, ముందు అలాంటి క్షణం వెతకండి. చచ్చిపడ్డాక గీయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక పని. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి చిత్తుబొమ్మను అద్దంలో చూస్తూ రాతి మీదికి దించండి. జిడ్డు క్రేయాన్‌ను ఒత్తకండి, తేలిగ్గా పొర మీద పొర వేయండి. ఒత్తితే గరుకు పూడిపోయి నలుపు ముద్దవుతుంది. రాయికి చెయ్యి తగలకూడదు. వేలి జిడ్డు కూడా సిరా పట్టేస్తుంది. నా మొదటి అచ్చులో చంద్రుడి పక్కన నా బొటనవేలి ముద్ర ఉంది! రాయికి అటూ ఇటూ చెక్కముక్కలు పెట్టి, పైన అడ్డంగా పలక వేసి, దాని మీద చెయ్యి ఆనించండి.

రాతి మీద తెల్లరంగు అంటూ ఉండదు. నీళ్ళ మెరుపు, భుజం మీది వెలుగు సూదిమొనతో గీకి తీయాల్సిందే. గుడ్డ మడతలు ఎటు వాలితే అటే గీకండి. లోతుగా గీకిన చోట గరుకు పోతుంది, మళ్ళీ క్రేయాన్ సరిగా పట్టదు.

రాయి దొరకనివాళ్ళు గరుకు అట్ట మీద నల్ల మైనపు క్రేయాన్ రుద్ది, బ్లేడు మొనతో ఒక చెయ్యి, ఒక కొమ్మ గీకి చూడండి.

బొమ్మను రాతి మీద నిలబెట్టే తుమ్మజిగురు, నత్రికామ్లం పని వచ్చే పాఠంలో. అప్పటిదాకా రాతి మీద నీటిచుక్క పడనివ్వకండి.